బాల్కనీలోంచి ‘ప్చ్’

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మనం ఉంటున్న ఇంత దూరంలో ఆ పాత నాటకశాల ఊసెత్తేవాళ్ళెవరున్నారు గనక? దీపం ఆర్పనులెండి. భయమేస్తే చెప్పండి, అక్కడే ఆపేస్తాను. విన్నది విన్నట్టు చెబుతాను. తెలియనిది తెలియదంటాను గానీ కల్పించి చెప్పను.

ఆ నాటకశాలలో కింది హాలు మంచిదే. చెడ్డపేరంతా పైనున్న బాల్కనీది.

అక్కడికి టిక్కెట్లు అమ్మేవారు కాదు. మెట్ల మొదట్లో ఓ తుప్పుపట్టిన గొలుసు అడ్డంగా వేలాడేది. కింద స్టేజీ మీద ఏదో ఒక కుటుంబం కథ నడుస్తూ ఉంటుంది. తల్లి గుండెలు బాదుకుంటుంది, కొడుకు కాళ్ళ మీద పడతాడు. ఆ మాటల్లో ఎక్కడ అబద్ధం దొర్లుతుందో సరిగ్గా అక్కడ... పైన చీకట్లోంచి...

“ప్చ్.”

గట్టిగా కాదు. పక్కింటి పెద్దాయన జాలిపడ్డట్టు. కానీ హాల్లో అందరికీ వినబడేది.

తల్లి వేషాలు కట్టే నటి ఒకావిడ రంగు కడుక్కుంటూ గొణిగేది: “నేను కడవలకొద్దీ ఏడ్చినా వాడికి ఆనదు కద తాతా!”

“మరి వాడు టిక్కెట్టు కొని వచ్చినవాడా, మొహమాటపడడానికి?” అనేవాడు కాపలా తాత.

నవ్వేవాళ్ళే గానీ, పొద్దుపోయాక ఆ మెట్ల వైపు ఒక్కరూ చూసేవాళ్ళు కాదు. ఎప్పుడో ఒక కుర్రాడు ఇంట్లో అలిగి వచ్చి, ఆట ముగిశాక ఆ బాల్కనీలోనే దాక్కుని పడుకున్నాడట. చీకట్లో లేచి తడుముకుంటుంటే కటకటాలు విరిగి కింద పడి ప్రాణం విడిచాడట. ఎవరి పిల్లాడో కొత్తవాళ్ళకు తెలియదు.

ఎవరి పిల్లాడో తెలిసిన మనిషి ఒకావిడ మాత్రం ప్రతి కొత్త నాటకానికీ వచ్చి కింద కూర్చునేది.

ఆవిడ పత్రికకు సమీక్షలు రాసేది. నవలైనా, నాటకమైనా — విడిపోయిన అన్నదమ్ములు, దక్కని పిల్లలు, ఇల్లు వదిలిపోయినవాళ్ళు — అలాంటి కథలన్నీ చుట్టు తిరిగి ఆవిడ బల్ల మీదికే వచ్చేవి. కన్నీళ్ళకు కరిగే ఘటం కాదు. “ఈ తండ్రి పశ్చాత్తాపం అద్దెకు తెచ్చిన కోటులా ఉంది, భుజాల దగ్గర పట్టలేదు” అని రాస్తే, ఆ వేషం కట్టినవాడు చాలా రోజులు తలెత్తుకునేవాడు కాదు. నటులు చాటుగా పుల్లవిరుపమ్మ అని పిలుచుకునేవారు.

“కింద పుల్లవిరుపమ్మ, పైన ప్చ్‌గాడు... మధ్యలో మన బతుకు!”

పైనున్నవాడు ఆవిడ తమ్ముడని వాళ్ళకు తెలియదు. నడిపివాడు.

ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దది ఈవిడ. నడిపివాడు పోయేనాటికి చిన్నవాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆ చిన్నవాడు పెరిగి నాటకాలు రాసేవాడయ్యాడు. చివరికి ఒకనాడు, అన్న ఇల్లు వదిలిన రాత్రినే నాటకంగా రాశాడు. పట్టుబట్టి ఆ నాటకశాలలోనే ఆడించాడు.

తల్లి రానంది. “ఇంటి గుట్టు వీధిన పెట్టాడు చాలదూ? నేనూ వెళ్ళి చప్పట్లు కొట్టాలా?” కూతురితో మాత్రం అంది, “నువ్వు రాసింది రేపు నాకు చదివి వినిపించు. అది చాలు.”

తెర లేచే ముందు చిన్నవాడు అక్కను పక్కకు తీసుకెళ్ళాడు.

“అక్కా, ఎంత తిడతావో తిట్టు. చివరి రంగం జోలికి మాత్రం రాకు.”

“ఏం పెట్టావురా అందులో?”

“అమ్మ గడప దాకా పరిగెత్తుకొచ్చి వాణ్ణి పిలుస్తుంది. వాడు వినిపించుకోడు.” గొంతు తగ్గించాడు. “అలాగే జరిగి ఉంటుంది కదూ? నేను నిద్రలో ఉన్నాను... అయినా ఏ తల్లి పిలవదే?”

ఆవిడ వాడి భుజం తట్టింది. “గంట కొడుతున్నారు, పో.”

అలా జరగలేదు.

ఆ రాత్రి నడిపివాడు తండ్రికి ఎదురు తిరిగాడు. “పెద్దదానికి కొత్తవి కొంటారు, చిన్నవాణ్ణి చంకనేసుకుంటారు. మధ్యలో నేనెవర్ని?” అన్నాడు. తండ్రి కోపధారి. “ఎవరివైతే వాళ్ళింటికే పో!” అన్నాడు. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అక్క గడపలోకి ఉరికింది, పిలవడానికి నోరు తెరిచింది... తల్లి వెనక నుంచి వచ్చి ఆ నోరు గట్టిగా మూసేసింది.

“పిలవకే!” చెవిలో గుసగుస. “బయల్దేరినవాణ్ణి వెనక్కి పిలిస్తే వాడికి కీడు. తెల్లారితే వాడే వస్తాడు.”

తల్లి అరచెయ్యి ఆవిడ పెదవుల మీంచి కదల్లేదు. వీధి మలుపులో నడిపివాడు ఒక్క క్షణం ఆగాడు. చెవి రిక్కించినట్టు. ఆ తర్వాత మలుపు తిరిగిపోయాడు.

తెల్లారాక వాణ్ణి నలుగురు మోసుకొచ్చారు.

నాటకం చివరి రంగం వచ్చింది. తల్లి వేషం కట్టినావిడ గడప దగ్గర కూలబడి, చేతులు చాచి, హాలు దద్దరిల్లేలా పిలిచింది: “ఒరే నడిపీ! వెనక్కి రారా! నువ్వు నా బిడ్డవిరా!”

కింద అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. పైనుంచి...

“ప్చ్.”

ఈసారి అది జాలిగా లేదు. ఏడుస్తున్నవాడు అన్నట్టుంది.

జనం వెళ్ళిపోయారు. దీపాలు ఒకటొకటే ఆరుతున్నాయి. సమీక్ష ఆ రాత్రే ప్రెస్సుకు చేరాలి. చిన్నవాడు వాకిట్లో తచ్చాడుతున్నాడు — “ఏం రాస్తావే?” అని అడగలేక. ఆవిడ ఒళ్ళో కాగితం తెల్లగా ఉంది. ఆ రంగం నిజమని రాస్తే, ఇన్నేళ్ళలో రాయని అబద్ధం రాసినట్టు. అబద్ధమని రాస్తే, అన్నను పిలిచారన్న ఒక్క నమ్మకం తమ్ముడి చేతుల్లోంచి లాక్కున్నట్టు. అది పొద్దున్నే అమ్మకు చదివి వినిపించాలి కూడా.

కాగితం మడిచింది. గొలుసు దాటింది. మెట్లెక్కింది.

“అమ్మా... వద్దమ్మా,” కింద నుంచి తాత గుసగుసలాడాడు. ఆవిడ వెనక్కి చూడలేదు.

బాల్కనీ చీకటిగా ఉంది. దుమ్ము వాసన. కుర్చీలన్నీ మడిచే ఉన్నాయి — ఒక్కటి తప్ప. అది తెరిచి ఉంది, మనిషి కూర్చున్నట్టు.

ఆవిడ దాని పక్క కుర్చీలో కూర్చుంది.

“పిలవలేదనుకున్నావు కదూ?” అంది, చాలా మెల్లగా. “పిలవబోయానురా. అమ్మ నోరు మూసేసింది. నీకు కీడని... నీ మీద ప్రేమ లేక కాదురా, కీడని.”

ఎక్కడో చెక్క కిర్రుమంది.

“ఆ కీడేదో అయిపోయింది కదరా ఇక.” ఆవిడ లేచింది. విరిగిన కటకటాల దగ్గర నిలబడి, ఖాళీ హాల్లోకి, ఆనాడు గొంతులోనే ఆగిపోయిన పిలుపును ఇప్పుడు పిలిచింది. “నడిపీ... ఇంటికి రారా!”

‘ప్చ్’ వినబడలేదు. ఆవిడ ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. ఎంత ఆగినా వినబడలేదు.

అక్కడే, భయపడుతూనే పైకొచ్చిన తాత పట్టిన దీపం వెలుగులో, చివరి రంగం గురించి ఒక్క వాక్యం రాసింది: “ఆ పిలుపు చాలా ఆలస్యంగా వచ్చింది, కానీ నిజంగానే వచ్చింది.” చిన్నవాడు అది చదివి అక్క భుజం మీద తల పెట్టుకున్నాడు. కాగితం తనే ప్రెస్సుకు తీసుకెళ్ళాడు. ఆవిడ ఒంటరిగా ఇంటిదారి పట్టింది.

ఖాళీ వీధి. ఆవిడకు ఏ చప్పుడూ వినబడలేదు. గుండె మాత్రం తేలికగా ఉంది.

తలుపు తట్టకముందే తల్లి తీసింది. నిద్రపోలేదు. జుట్టు దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. ముఖంలో ఎన్నడూ లేని కళ.

“రా,” అంది. ఆవిడ లోపలికి వచ్చి, తలుపు మూయబోయింది.

తల్లి గభాలున ఆ చెయ్యి పట్టుకుంది. చూపు కూతురి మీద లేదు. ఆవిడ భుజం మీదుగా, గడప అవతలికి చూస్తోంది.

“ఆగవే, తలుపు వెయ్యకు... వాడింకా చెప్పులు విప్పుకుంటున్నాడు.”

అంతవరకే విన్నాను, పిల్లలూ. ఆ తర్వాత తలుపు వేశారో లేదో నాకు చెప్పినవాళ్ళు చెప్పలేదు. నేనూ అడగలేదు. మీలో ఎవరైనా ఏనాడైనా కోపంతో గడప దాటితే, కీడైనా మేలైనా నేను మాత్రం వెనక నుంచి పిలుస్తాను. వినిపించుకోండి. ఈ కథ మీ తర్వాతివాళ్ళకూ చెప్పండి.