గిల్లిన చిగుళ్లు

ఓబులేసు పొద్దున లేచి మొదట చేసే పని పొగాకు నలపడం. ఎండిన ఆకు రెబ్బ తుంచి ఎడమ అరచేతిలో వేసుకుని, గోటితో కాస్త సున్నం తీసి, బొటనవేలితో మెత్తగా నలిపి పెదవి కింద పెట్టుకునేవాడు. ఆ తర్వాతే పెరట్లోకి పోయేవాడు. ఆ రోజూ అట్లాగే పోయి టమాటా సాలు ముందు గొంతుకూర్చున్నాడు. కొమ్మ పంగల్లో పుట్టిన పక్క చిగుళ్లు గిల్లబోయి ఆగిపోయాడు. చివరి చెట్టు ఆకులు పసుపు మచ్చలు పడి, అంచులు ముడుచుకుని, అమ్మవారు పోసిన పిల్ల ముఖంలా ఉన్నాయి.

"సిద్దమ్మా, దీనికి నీళ్లు సరిగా పోస్తాండావా?" అని బావి వైపు తిరిగి అడిగాడు.

"అన్నిటికీ ఒకే చేదతో పోస్తాండా గదన్నా" అంది సిద్దమ్మ, చేద లాగుతూనే.

సిద్దమ్మ ఓబులేసుకు చెల్లెలు. మొగుడు పోయాక అత్తగారింట్లో నిలవలేక కోడుమూరు పక్కనున్న ఈ పుట్టింటికి వచ్చేసింది. శుభకార్యాల్లో ఆమె ఎదురు రావడం ఎవరికీ గిట్టేది కాదు గాని, పేడ ఎత్తడానికీ, నీళ్లు తోడడానికీ ఆమె చేతులు అందరికీ పనికొచ్చేవి. పెరటి పని అంతా ఆమెదే.

టమాటా పిచ్చి మాత్రం ఓబులేసుది. కర్నూలు రాజధాని అయిన కొత్తలో జొన్నలు తోలుకుని పోయినప్పుడు, గుడారాల్లో కచేరీలు నడిపే దొరలు కూరలకు ఎగబడడం కళ్లారా చూశాడు. ఒక బంగళా తోటమాలిని బతిమాలి బాగా మాగిన కాయలు రెండు రకాలు తెచ్చుకున్నాడు. ఒకటి గుమ్మడిలా పక్కలు తేలిన కాయ. రెండోది గీత కూడా లేని నున్నటి కాయ. సిద్దమ్మ ఆ గింజలను బూడిదలో పొర్లించి, గోడకు అతికించి ఆరబెట్టింది. నున్న కాయకు మొదటి సాలు, పక్కల కాయకు రెండో సాలు అని ఓబులేసే తేల్చాడు. ఇంట్లో ముందు నుంచీ ఉన్న నాటు కాయ కుంకుడుకాయంతే ఉంటుంది, నోట్లో పెడితే పళ్లు పులుస్తాయి. దాన్ని మడిలోకి రానియ్యలేదు.

"అది కాకులకు పెట్టు" అన్నాడు.

"కాకులు మాత్రం ఏం తినాల పాపం" అని నవ్వి, సిద్దమ్మ ఆ నారు పిడికెడు తీసి గిన్నెలు తోమే బండ పక్కన గుచ్చింది. ఇంట్లో ఊరుబిండి పచ్చడి నూరేది ఆ కాయలతోనే.

మూడో తరగతితో బడి మానేసిన ఓబులేసుకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు, తన చేతి మీద తప్ప. తన హస్తవాసి మంచిదనీ, తాను ముట్టుకుంటే మోడైనా చిగురిస్తుందనీ వీధి అరుగు మీద చెప్పుకునేవాడు. అందుకే పక్క చిగుళ్లు గిల్లే పని ఎవరికీ వదిలేవాడు కాదు. నున్న కాయ సాలుతో మొదలుపెట్టి పక్కల కాయ సాలుతో ముగించేవాడు. బండ పక్క చెట్ల వైపు తల కూడా తిప్పేవాడు కాదు.

తెగులు కూడా అదే దారిన నడిచింది. నున్న కాయ సాలంతా మచ్చలు కమ్మాయి. కొత్తగా వచ్చే ఆకులు సన్నగా, దారం పోగుల్లా మెలితిరిగాయి. కాయలు గట్టిపడి గోధుమ రంగు చారలు తేలాయి. తర్వాత పక్కల కాయ సాలుకు పాకింది. బూడిద చల్లారు. వేపాకు నీళ్లు చల్లారు. దిష్టికుండకు సున్నం బొట్లు పెట్టి కర్రకు తగిలించారు. కుండ ఆ పాడు మడిని చూస్తూ నిలబడింది. చెట్లు మాత్రం ఒకదాని వెనక ఒకటి ముడుచుకుపోయాయి.

ఓబులేసు భార్య సుబ్బరత్నమ్మ మొదట్లో గొణిగింది. తర్వాత వంటింట్లోనుంచి పెరట్లోకి వినబడేలా అనసాగింది. కూతురు నాగలక్ష్మమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పుకు ఆ వారమో పై వారమో ఇంటికి రావాలి. ఈ ఊళ్లో ఏ ఇంట కాన్పయినా పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది సిద్దమ్మే.

"నేనేం కాని మాట అంటాండానా" అంది సుబ్బరత్నమ్మ, మొగుడికి సంగటి వడ్డిస్తూ. "కట్టుకున్నోడు నిలవల్యా. కడుపున ఒక కాయ కాయల్యా. ఇప్పుడు చూస్తే పచ్చని చెట్లు ఆ చేతి కింద మాడిపోతాండాయి. ఆ చేతులతోనే రేపు మన బిడ్డ బిడ్డకు నీళ్లు పోయాల. నువ్వే చెప్పు."

గడప అవతల ఎంగిలి గిన్నెలు ఎత్తుకోవడానికి వచ్చిన సిద్దమ్మ అక్కడే నిలబడిపోయింది. అన్న ఏదో ఒకటి అంటాడని చూసింది. ఓబులేసు ముద్ద మింగి నీళ్లు తాగాడు. చెట్లు పాడయిన కోపానికి ఎవరో ఒకరు కావాలి, భార్య మనిషిని చూపించింది.

"ఇంక నువ్వు పెరట్లోకి పోవద్దు, సిద్దమ్మా. నీళ్లు నేనే పోసుకుంటా" అన్నాడు.

ఆ సాయంత్రమే సిద్దమ్మ మరిది బొజ్జన్నకు, వచ్చి వదినను తీసుకుపొమ్మని కబురు పంపాడు. గండికోట అవతల పెన్న ఒడ్డున బొజ్జన్న ఇల్లు. ఆ ఇంట్లో ఆమెకు గొడ్లకొట్టంలో పడక, ఒంటిపూట కూడు. ఆ సంగతి ఓబులేసుకు తెలుసు. ఒకప్పుడు కట్టెలా మారిన చెల్లెల్ని అక్కడినుంచి బండిలో ఎక్కించుకొచ్చింది తనే. తెలిసీ కబురు పంపాడు.

సిద్దమ్మ ఏడవలేదు. ముందరి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పెరటి గుమ్మం దాటలేదు. ఓబులేసు రెండు సాళ్లూ పీకి కుప్ప వేసి కాల్చాడు. పచ్చి చెట్ల పొగ ఇల్లంతా కమ్మి, బయటికి పోక మూలల్లో నిలిచిపోయింది. చేతికి పని లేక గిన్నెలు తోమే బండ మీద కూర్చున్నాడు. పక్కనే నాటు చెట్లు నల్లని పచ్చతో నిగనిగలాడుతూ కాయలు విరగకాసి ఉన్నాయి. ఊరికే కూర్చోలేక దగ్గరున్న చెట్టు పక్క చిగుళ్లు గిల్లాడు. ఇంకో చెట్టుకు చెయ్యి చాపబోతుంటే భార్య పిలిచింది, లేచిపోయాడు.

వారం తిరిగాక ఒక ఉదయం బొజ్జన్న బండి వాకిట్లో ఆగింది.

"నీ ఇంటికి అచ్చిరానిది నా ఇంటికి అచ్చొస్తాదా, బావా?" అన్నాడు బొజ్జన్న, దిగుతూనే. "ఏదో మా అన్న పేరు చెడగొట్టుకోల్యాక వచ్చినా. ఎక్కు వదినా, ఎండ ముదరకముందే పోవాల."

సిద్దమ్మ గుడ్డల మూట బండిలో పెట్టింది. ఒక కాలు బండి మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"అన్నా, ఒక మాట అడుగుతా. నా చెయ్యి చెడ్డదయితే బండ కాడ చిన్నకాయల చెట్లు ఎట్ల బతికినాయి? వాటికి నారు పోసింది నేను. నీళ్లు పోసింది నేను. అవి యాల చావల్యా?"

ఓబులేసుకు కోపం ముంచుకొచ్చింది. ఆ చెట్లను కూడా పీకి పారేస్తే ఇంక ఆ మాటే ఉండదనుకుని విసవిసా పెరట్లోకి నడిచాడు. బండ దగ్గర వంగి మొదటి చెట్టు పట్టుకున్నాడు.

దాని ఆకుల మీద పసుపు మచ్చలు. కొస ఆకులు దారం పోగుల్లా మెలితిరిగాయి. పక్క చెట్టు మామూలుగానే ఉంది. దాని పక్కదీ అంతే. ఒక్క ఆ చెట్టే. కొమ్మ పంగల్లో తాను గిల్లిన చోట్ల గాయాలు ఎండి నల్లగా కనబడ్డాయి. సిద్దమ్మ నీడ కూడా ఇక్కడ పడి వారం దాటింది.

ఓబులేసు చెయ్యి తిప్పి చూసుకున్నాడు. పొగాకు నలిపి నలిపి అరచెయ్యి మధ్యలో, బొటనవేలి మీద పసుపు ముదిరి ఉంది. ఆకుల మీది పసుపు లాంటిదే. నున్న కాయ సాలు, ఆ వెనక పక్కల కాయ సాలు. రోజూ తాను నడిచిన దారి అతని కళ్ల ముందు మళ్లీ నడిచింది. పొగాకులోని తెగులేదో తన వేళ్లే చెట్టు చెట్టుకూ మోశాయి.

ఆ చెట్టును వేళ్లతో సహా పీకి వాకిట్లోకి తెచ్చి భార్య కాళ్ల దగ్గర వేశాడు.

"సిద్దమ్మ పెరట్లోకి పోయి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు.

సుబ్బరత్నమ్మ చెట్టునూ మొగుణ్నీ మార్చి మార్చి చూసింది.

"దీన్ని గిల్లింది నేను. పక్కదాన్ని ముట్టుకోల్యా, అది బాగుండాది. మడిలో అన్నింటినీ రోజూ గిల్లింది నేనే. పొగాకు నలిపి, చెయ్యి కడుక్కోకుండా." చెల్లెలి వైపు తిరిగాడు. "చెయ్యి నాది, సిద్దమ్మా."

బొజ్జన్న ఎద్దుల ముకుతాళ్లు పట్టుకుని, వచ్చిన దారంతా వట్టి బండితో పోవాలా అని సణిగాడు. సుబ్బరత్నమ్మే ముందు కదిలింది. బండిలోంచి మూట తీసి చంకన పెట్టుకుని, తల వంచుకుని లోపలికి నడిచింది. గడప దగ్గర ఆగి, "కుంకుళ్లు ఎండబెట్టినా సిద్దా. లక్ష్మి వచ్చేనాటికి తలంటు సామాన్లన్నీ నువ్వే చూసుకోవాల" అంది. ఆమెకు చేతనైన క్షమాపణ అంతే.

సిద్దమ్మ చెంబుతో నీళ్లు, గుప్పెడు బూడిద తెచ్చింది.

"చేతులు పట్టన్నా."

ఓబులేసు దోసిలి పట్టాడు. ఆమె నీళ్లు పోస్తూ బూడిదతో అతని అరచేతులు రుద్దింది, పసిబిడ్డ చేతులు రుద్దినట్టు. అతను ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. ఆమె అప్పుడు ఏడ్చింది.

నాగలక్ష్మమ్మకు ఆడపిల్ల పుట్టింది. పెరట్లో, నాటు చెట్ల పక్కనున్న బండ మీద కూర్చుని సిద్దమ్మ బిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి, గుడ్డలో చుట్టి అన్న ముందుకు చాచింది. పొగాకు మానేసి చాలా రోజులే అయింది. అయినా ఓబులేసు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"పట్టుకో అన్నా, ఏం కాదు" అంది సిద్దమ్మ.

అతను చేతులు ముందుకు తెచ్చి, తిప్పి చూసుకున్నాడు. బొటనవేలి మీద పసుపు ఇంకా పోలేదు. బావి దగ్గరికి పోయి మళ్లీ కడుక్కుని వచ్చాడు.