గుప్పిట్లో వేడి

మధ్యాహ్నమే అయినా ముసురుకి షెడ్డులో లైటు వేయాల్సి వచ్చింది. రేకుల మీద వాన సన్నగా, విడవకుండా గీరుతోంది. క్రేన్ దించి వెళ్ళిన కారు చుట్టూ మెకానిక్ ఒకసారి తిరిగాడు. తమ్ముడి కారు. కొండదారి పక్కన తలుపులు వేసి ఉన్న కారు దొరికింది కానీ, నాలుగు రోజులైనా తమ్ముడు దొరకలేదు.

"ఇది కదిలితే చాలు బావగారూ," అంది మరదలు, తమ్ముడి భార్య. "ఆ దారంతా నేనే తిరిగి వెతుక్కుంటాను."

"పోలీసులు వెతుకుతున్నారుగా."

"వాళ్ళు వెతికేది టీ కొట్లలో. బండి ఆగిపోయినప్పుడు ఆయన మీకే ఫోన్ చేశారు."

"చూసుకోలేదమ్మా."

చూశాడు. పేరు చూసి, ఫోన్ బోర్లా పెట్టాడు. షెడ్డు పంచుకునే దగ్గర అనుకున్న మాటలు గొంతులో ఇంకా చేదుగానే ఉన్నాయి. తమ్ముడు కారు జబ్బు చెప్పే స్కానర్ కొన్న రోజున అది చిలక జోస్యమని పదిమందిలో నవ్వింది తనే. వాడు వెళ్ళిపోతుంటే ఆ స్కానర్ని ఇవ్వకుండా అట్టిపెట్టుకున్నదీ తనే.

ఇప్పుడు దాన్నే కారుకి తగిలించాడు. ఇంజిన్ వేడి ముప్పై ఏడు డిగ్రీలని చూపించింది. ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టాడు. బండరాయిలా చల్లగా ఉంది.

"దొరికాడు దొంగ. వేడి చెప్పే సెన్సర్ పోయింది. చల్లటి ఇంజిన్‌ని వెచ్చగా ఉందని అబద్ధం చెబుతోంది. దాంతో పెట్రోలు చాలక స్టార్ట్ కావట్లేదు. కొత్తది వేస్తే సరి."

"అచ్చం ఆయన్లాగే చెప్తున్నారే," అంది మరదలు. నవ్వలేదు.

సెన్సర్ వైరు ప్లగ్గు ఊడదీసి, పానాతో పాత సెన్సర్ విప్పి బల్ల మీద పెట్టాడు. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కాస్త కారితే తుడిచాడు. దాని తియ్యటి వాసన రావాలి. తడిమట్టి వాసన వచ్చింది. దాని వెనకే, వానకి నానిన చొక్కా వాసన.

కొత్తది బిగించి, ప్లగ్గు పెట్టి, స్కానర్ చూశాడు.

ముప్పై ఏడు.

వైరు తప్పేమోనని ప్లగ్గు పీకేశాడు. ఏ సెన్సరూ తగలనప్పుడు మైనస్ నలభై చూపించాలి. అది లెక్క.

ముప్పై ఏడు.

అప్పుడు తట్టింది... అది మనిషి ఒంటి వేడి.

అంకె మారింది. ముప్పై ఆరు.

"ఏమైంది?" మరదలు గొంతు తగ్గించి అడిగింది.

ముప్పై ఐదు... ఇంజిన్ సందులో ఏదో టకటకమంది. ఇంజిన్ ఆగే ఉంది. ఆ చప్పుడు చలికి పళ్ళు కొట్టుకునే చప్పుడు.

ముప్పై నాలుగు.

అతను ఆలోచించలేదు. బల్ల మీది పాత సెన్సర్ని గుప్పిట్లో బిగించాడు. గుప్పిట వేడికి అంకె పెరుగుతుందో లేదో చూడటం తమ్ముడి పద్ధతి. కానీ ఈ సెన్సర్ ఏ వైరుకీ తగిలి లేదు.

అంకె ఆగింది. మెల్లగా పెరిగింది. ముప్పై ఐదు... ముప్పై ఆరు...

"ఉన్నాడు," అని గొణిగాడు. "వాడు ఉన్నాడమ్మా, ఎక్కడో..."

మరదలి ఫోన్ మోగింది. షట్టర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడింది. "సరేనండి... ఎప్పుడు?... సరే." తిరిగొచ్చి నిలబడింది.

"దొరికారట. కల్వర్టు కింద."

"ప్రాణంతోనే కదా?"

"మొదటి రాత్రే పోయారట. చలికి."

అతని గుప్పిట సడలింది.

"వదలకండి." ఆమె అతనివైపు చూడటం లేదు. స్కానర్ వైపు చూస్తోంది. ముప్పై ఏడు.

"వాడు లేడమ్మా... నువ్వే చెప్పావుగా..."

"ఆ రాత్రంతా ఆయన మీ కోసం కాచుకున్నారు బావగారూ. మీరూ కాస్త ఓపిక పట్టండి."

బయటికి నడిచి, షట్టర్ కిందికి లాగింది. తాళం పడింది. వాన చప్పుడు దూరమైంది.

చలి అతని మణికట్టు దాటింది... మోచెయ్యి దాటింది. గుప్పిట తెరవబోయాడు. వేళ్ళు మాట వినలేదు.

ముప్పై ఎనిమిది.

గుప్పిట లోపల్నుంచి ఎవరో అతని వేళ్ళని ఒక్కొక్కటే తడిమి చూసుకుంటున్నారు.