మానేరు కింద గాలిగది

పరశురాములు చెవులను సిరిసిల్ల సాంచాలు ఎన్నడో తినేసినయి. నోరు మాత్రం మిగిల్చినయి. ఆ మరమగ్గాల మోతలో పెదాలు చూసి మాట పట్టే విద్య ఒకటి అబ్బింది. దాంతోనే బోయినపల్లి దగ్గర, మానేరు కింద తవ్వుతున్న రైలు సొరంగంలో నౌకరి కొట్టిండు. పరీక్షనాడు డాక్టరు మాస్కు తొడుక్కునేసరికి మాట అందక, ఒకటే తీరు దగ్గి తప్పించుకున్నడు.

ఈ గుట్టు బిడ్డ నవత పెనిమిటి నరేశ్ ఒక్కడికే ఎరుక.

పని చిన్నదే. తవ్వే మిషను ముందట నది నీళ్లు మీద పడకుండ గాలి ఒత్తి పెడతరు. అక్కడ మిషనుకు అరిగిన ఇనుప పళ్లు మార్చినోళ్లు బయటికి రావాలంటే నడుమ ఒక ఇనుప గది. అందులకు వచ్చి, లోపలి తలుపు మూసి, మూడు దెబ్బలు కొడతరు. బయట కూసున్న పరశురాములు గంటసేపు మెల్లగ గాలి వదలాలె. తేడా వస్తే గోడకున్న ఫోను మోగుతది.

"ఫోను నాకేం ఇనపడుతది, అల్లుడా?"

"ఇనుము మీద చెయ్యి పెట్టు మామా. బాగుంటే ఐదు నిమిషాలకొకటి కొడత," అని నవ్వుకుంట నరేశ్ ఇంకిద్దరితో లోపలికి పోయిండు.

పగలు పదకొండు. భూమి కింద పగలేంది, పొద్దేంది! తడి మట్టి వాసన, గ్రీజు వాసన. అరచేతికి మూడు దెబ్బలు తగిలినయి. గాలి వదలడం మొదలుపెట్టిండు. తలుపుకున్న అద్దానికి లోపల ఆవిరి పట్టి తెల్లగ ఉన్నది.

ఐదు నిమిషాలకు ఒక దెబ్బ. పదికి ఇంకోటి. గడియారం లెక్క. 'నా అల్లుడు సాంచ నడిపితే ఒక్క పోగు తెగదు' అని మురిసిండు.

నలభై నిమిషాలకు దెబ్బ మెత్తబడ్డది... సుత్తెతో కాదు. అరచేతితో. సరిగ్గ తన చెయ్యి ఉన్న చోటనే.

చెయ్యి పక్కకు జరిపిండు.

దెబ్బ కూడ జరిగింది.

"ఎకసెక్కాలా, అల్లుడా..." అని గొణిగిండు.

అప్పుడే సూపర్‌వైజరు ఆనంద్ ఉరికొచ్చిండు. మొఖంల నెత్తురు లేదు. పెదాలు కదిలినయి. "ఫోను ఎత్తవేంది కాకా?"

"ఆళ్లు గదిలకు వచ్చిన్రు గద సారూ. గాలి వదులుతున్న..."

"రాలే! మిషను ముందట్నే ఉన్నరు. నీళ్లు పడ్డయి. గదిల గాలంత నువ్వు తీసేస్తివి, అవతలి ఒత్తిడికి ఆ లోపలి తలుపు ఎట్ల తెరుసుకుంటది?"

గాలి మళ్ల నిండాలంటే ఇరవై నిమిషాలు. ఆనంద్ మీట తిప్పి, ఫోను చెవికి పెట్టుకున్నడు. పరశురాములు ఆయన పెదాలనే చూస్తున్నడు.

"మామా... అంటున్నడు," అన్నయి పెదాలు. "మామా... మామా..."

ఆరో నిమిషానికి పెదాలు ఆగిపోయినయి.

ఎక్కించిన గాలి వదిలి, బయటి తలుపు తీసిండ్రు. గది ఖాళీ. నేల పొడిగ ఉన్నది. బెంచీ మీద ఒక్క చోట మాత్రం వెచ్చగ... ఇప్పుడే ఎవరో లేచినట్టు. లేచినోళ్లు బయటికి పోవాలంటే పరశురాములును రాసుకునే పోవాలె.

ఆయన అంగీ కుడిపక్క, భుజం నుంచి మోచెయ్యి దాక, తడిసి ఉన్నది.