ఫుట్‌లైట్ల పెట్టెలో తుపాకి

కృష్ణపట్నం రేకుల నాటకశాలలో రిహార్సల్ జరుగుతుండగానే ప్రాంప్టర్ హజరత్తయ్య వీపులో పిడిదాకా కత్తి దిగింది. స్టేజీ ముందు గుంతలో నక్కి, నటులకు మాటలు అందించే మనిషి ఆయన. రాజు వేషగాడు మర్చిపోయిన పద్యపాదం అందించి మరీ ప్రాణం వదిలాడు. డ్యూటీ అంటే అదీ!

అది 1963. మూడో నాడు నెల్లూరులో ఒక వడ్ల గోదాము వెనకగది. చూసేవాళ్లకు గోదాము, లోపల సీక్రెట్ సర్వీస్. చీఫ్ రంగనాయకులు బస్తా మీద కూర్చుని ఏజెంటు దరియావలికి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"దరియావలీ, వైర్‌లెస్ మెసేజ్ ఒకటి పట్టినాం. స్పానిష్ ముఠాది. 'అపుంతదోర్ పోయాడు. కాందిలేహాస్ రెడీ. తెలోన్ పడగానే ఎస్కోతియోన్.' ఏందిరా ఇది?"

"ప్రాంప్టర్ పోయాడు. ఫుట్‌లైట్స్ రెడీ. కర్టెన్ పడగానే ట్రాప్‌డోర్, అంటే స్టేజీ నేలలో ఉండే తలుపు. అన్నీ స్టేజీ మాటలే సార్."

"ఢిల్లీవోళ్లు ఇదేదో పెద్ద కోడ్ అని రెండు దినాలు తలలు బద్దలు కొట్టుకున్నారే!"

"వాళ్లు నాటకాలు చూడరేమో సార్."

రంగనాయకులు గొంతు తగ్గించాడు. "రేపు ఆ కృష్ణపట్నం మ్యాట్నీకి ఇంజనీరు మాల్యాద్రి ముందు సోఫాలో కూర్చుంటాడు. మన తీరం రాడార్ ప్లాన్ కాగితం మీద లేదు, అంతా ఆయన తలకాయలోనే ఉండాది. ఆ తలకాయనే లేపేయాలని చూస్తాండారు."

"ఆటకు రావద్దని చెప్పొచ్చు గదా సార్?"

"చెప్పినా. నాటకం మానుకోమంటే ఉద్యోగమే మానుకుంటానన్నాడు."

దరియావలి పళ్లు కొరికాడు. పదేళ్ల వయసులో తోటపల్లి గూడూరు దగ్గర పడవ తిరగబడితే, అతన్ని జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చినవాడు మాల్యాద్రే. ఆ జుట్టు ఊడిపోయింది గానీ ఆ పట్టు దరియావలి మర్చిపోలేదు.

మర్నాడు కొత్త ప్రాంప్టర్ వచ్చాడు. దూది పొట్ట, తేలుకొండి మీసం, కాడలో ఉక్కును కోసే రంపం ఉన్న కళ్లజోడు. హాలు కిక్కిరిసింది. దరియావలి గుంతలోంచి చెయ్యి చాచి స్టేజీ అంచున ఉన్న ఫుట్‌లైట్ల పెట్టె తడిమాడు. బల్బుల మధ్య చల్లగా తగిలింది తుపాకి గొట్టం! గొట్టం సోఫాకేసి చూస్తోంది. ట్రిగ్గరు నుంచి సన్నని తీగ పోయి తెర తాడుకు ముడిపడి ఉంది. తెర పడితే మాల్యాద్రి పడతాడు. తెర లాగే అమాయకుడికి ఈ సంగతే తెలియదు.

అంతలో నెత్తిన ఇనుపగుండు పడినట్టయింది. ఆరడుగుల సెన్యోర్ ఎలిసియో! లైటింగ్ ఎక్స్‌పర్ట్ అని చెప్పుకుని కంపెనీలో దూరిన దొర. పక్కటెముకల్లో రెండు తన్నులు తన్ని, దరియావలిని స్టేజీ కిందికి ఈడ్చి, కళ్లజోడు బూటుతో నుజ్జు చేశాడు. వెనకే రాణి వేషంలో కరుణాకుమారి. హీరోయిన్, ముఠాకు ముద్దుల మనిషి.

"కట్టెయ్!" అన్నాడు ఎలిసియో.

ఆమె కట్టింది. కడుతూ చెవిలో ఊదింది. "అన్నా, నేనూ రంగనాయకులుగారి మనిషినే. ముడి వదులుగా ఏసినా. తుపాకి యాడుందో మాత్రం కనుక్కోలేకపోయినా."

"దొరికిందమ్మా. నేను పిలిస్తేనే తెర దించమను."

ఎలిసియో నవ్వాడు. "నోటికి గుడ్డ కట్టను. ఎంతైనా అరుచుకో. నాటకంలో చావుకేకలు ఎవడు పట్టించుకుంటాడు?" స్టాప్‌వాచీ చూసుకుంటూ పైకెక్కాడు.

నిజమే. దరియావలి "తుపాకి! తుపాకి!" అని అరిస్తే ముందు వరసలో ఎవరో ఈల వేశారు. ముడి వదులే అయినా నెత్తుటికి తాడు ఉబ్బి చేతులు బిగిశాయి. పైన రాజు వేషం కట్టిన ఖాదర్ బాషా పద్యం ఎత్తుకున్నాడు. కత్తిపోటు పడింది. రాగం తీసి తీసి దభీమని చచ్చాడు. వింగ్‌లోంచి ఎలిసియో తెర లాగేవాణ్ణి కసిరాడు. తెర తాడు కిర్రుమంది.

దరియావలి కట్లతోనే గుంతలోకి దొర్లి, తల పైకెత్తి రొమ్ము పగిలేలా అరిచాడు.

"వన్స్ మోర్!"

రెండో బెంచీ అందుకుంది. ఆడవాళ్ల వైపు అందుకుంది. సోఫాలోంచి మాల్యాద్రి లేచి మరీ అందుకున్నాడు. రేకులు ఎగిరిపోయేలా వన్స్ మోర్! జనం అడిగాక తెర దించితే కంపెనీ మళ్లీ ఆ ఊళ్లో కాలు పెట్టలేదు. తెర సగంలో ఆగి పైకి లేచింది. చచ్చిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, హార్మోనియం వైపు సైగ చేసి, మళ్లీ పద్యం ఎత్తుకున్నాడు.

వింగ్‌లో ఎలిసియో మతి పోయింది. "చచ్చాడుగా! వాడు చచ్చాడుగా!" అని జుట్టు పీక్కున్నాడు. వాళ్ల దేశంలో చచ్చినవాడు తెర పడేదాకా కదలడు మరి!

ఈలోగా దరియావలి చర్మం ఊడినా లెక్కచేయక చేతులు లాక్కున్నాడు. పెట్టెకు బిగించిన తుపాకిని శక్తికొద్దీ మెలితిప్పాడు. గొట్టం స్టేజీ కిందికి తిరిగింది. అప్పుడే ట్రాప్‌డోర్ తెరుచుకుని ఎలిసియో బాకుతో దూకాడు. బాకు భుజంలో దిగింది. దరియావలి వాడి చెవి కొరికి ఊశాడు. వాడు గొంతు పిసికాడు. వీడు మోకాలితో పొత్తికడుపులో కుమ్మాడు. ఎలిసియో తూలి సరిగ్గా గొట్టానికి ఎదురుగా నిలబడి, బాకు మళ్లీ ఎత్తాడు.

"కరుణమ్మా! తెర!"

పైన రెండోసారి చచ్చిన మొగుడి మీద పడి ఏడుస్తున్న రాణి ఠక్కున ఏడుపు ఆపి చెయ్యి ఊపింది. తెర పడింది. ఢాం! గుండు ఎలిసియో రొమ్ములో దూరి వీపులోంచి పోయింది. అవతల సోఫాలో మాల్యాద్రి ఏమీ ఎరగక, అది టపాకాయ అనుకుని, చప్పట్లు కొట్టాడు.

చప్పుడు విని ఖాదర్ బాషా కిరీటంతోనే ట్రాప్‌డోర్‌లోంచి తొంగిచూశాడు. కళ్లు తేలేసి, నాలుక బయటపెట్టి, చేతులు బారజాపి పడి ఉన్న దొరను అటూ ఇటూ పరికించి, నిట్టూర్చాడు.

"ఎవురబ్బా ఈయన? రెండుసార్లు చచ్చినా నాకు ఇంత బాగా కుదర్లా!"