కుర్చీ కింద నీడ

ఆ ప్రదర్శనశాల వెనక గదికి మంచి పేరు లేదు. పగలు చూస్తే మామూలు గదే. నాలుగు తెల్ల గోడలు, ఒక కిటికీ. చీకటి పడ్డాక మాత్రం అటు ఎవరూ వెళ్లరు. పూర్వం ఎవరో చిత్రకారుడు బొమ్మ సగంలో ఉండగానే పోయాడట. అప్పట్నుంచీ అక్కడ తగిలించిన బొమ్మల్లో రాత్రిపూట ఏదో ఒకటి మారుతుందట... ఫ్రేములు కట్టే ఆయన ఈ మాట చెప్పి, నా బొమ్మలు సరిగ్గా ఆ గదిలోనే తగిలించి, పొద్దు ఉండగానే ఇంటికి వెళ్లిపోయాడు.

నేను నవ్వాను. అప్పటికింకా వెలుతురుంది మరి.

అది ఇద్దరి ప్రదర్శన. ఒకరు ఎనభై దాటిన పెద్దావిడ. ఆవిడ బొమ్మలు చూసే మాలో చాలామంది కుంచె పట్టారు. రెండోవాణ్ని నేను. కొట్లకి బోర్డులు రాసుకుంటూ, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా బొమ్మలేసేవాణ్ని. నేర్చుకోలేదని వేరే చెప్పనక్కర్లేదు, బొమ్మలే చెబుతాయి. పాత తరం, కొత్త తరం ఒకే గదిలో పక్కపక్కన అన్నారు నిర్వాహకులు. నలభై దాటిన నన్ను కొత్త తరం అన్నందుకే ఒప్పేసుకున్నాను. ఆ తర్వాత పట్టుకుంది భయం — ఆవిడ పక్కన నా బొమ్మలు నిలబడతాయా, కిరాణా కొట్టు బోర్డుల్లా వెలవెలబోతాయా?

తగిలించిన మర్నాడు పొద్దున వెళ్లి చూశాను. కిటికీ పక్కన ఖాళీ కుర్చీ, అది నా బొమ్మ. ఆ కుర్చీ కింద... నీడ ఉంది.

నేను నీడ వెయ్యలేదు.

వేలితో ముట్టుకున్నాను. తడి.

ఇంటికొచ్చి, ఇది ఎవడో ఆకతాయి పని, రాత్రికి అక్కడే కాపలా పడుకుంటానన్నాను. బొమ్మలు ఎవరైనా ఎత్తుకుపోయినా పోతారని కూడా అన్నాను. మా ఆవిడ తలెత్తకుండా కూర తరుగుతూ, "దొంగైనా ఇద్దరివీ చూసి మంచివే పట్టుకుపోతాడు. మీకేం భయం లేదు" అంది.

అయినా వెళ్లాను. లైట్లార్పి, మూల నక్కి, బొమ్మలు చుట్టి తెచ్చిన బుడగల ప్లాస్టిక్ కనబడకుండా కప్పుకున్నాను. అంతకన్నా తెలివితక్కువ పని ఉండదు.

ఎంతసేపైందో... మేడమెట్ల మీద టక్. ఆగింది. మళ్లీ టక్... టక్...

తలుపు మెల్లగా తెరుచుకుంది. తెల్లటి జుట్టు... పాదాల దాకా తెల్లటి చొక్కా... నుదుటి మీద ఒకే ఒక్క కన్ను, వెలుగుతూ.

నేను వణికాను. ప్లాస్టిక్ టప్పుమంది. దానికి అదిరిపడి ఇంకా వణికాను. టప్... టప్... టపటపటప...

"ఎవరది?" ఆ గొంతు నాకన్నా ఎక్కువ వణికింది.

"నేనేనండీ... రెండో చిత్రకారుణ్ని" అన్నాను. దెయ్యానికి హోదా చెప్పుకున్న మొదటివాణ్ని నేనే అయ్యుంటాను.

తీరా చూస్తే పెద్దావిడ. మేడమీద గదిలో దింపారట. నుదుటికి కట్టుకున్నది చిన్న టార్చిలైటు, ఒంటిమీదిది రంగులంటకుండా తొడుక్కునే పొడుగు చొక్కా, టక్కుమన్నది చేతికర్ర. నిద్ర పట్టదట. గోడకెక్కిన బొమ్మనైనా సరే, తృప్తి కలక్కపోతే రాత్రికి రాత్రి వచ్చి దిద్దుకోవడం ఆవిడకి మొదట్నుంచీ అలవాటట.

"కళ్లజోడు బాగుకిచ్చాను నాయనా, పొద్దున గానీ రాదు. అయినా దీన్ని గుర్తుపట్టాను. వయసులో వేసి, సగంలో వదిలేసినట్టున్నాను. చూడు... అప్పుడు చెయ్యెంత ధైర్యంగా ఉండేదో."

ఆవిడ చూపిస్తున్నది నా కుర్చీని.

నాదని చెబితే ఆవిడ నొచ్చుకుంటుంది, నిజమే. అంతకన్నా ముఖ్యం, అన్న మాట వెనక్కి తీసుకుంటుంది. అందుకని నోరు మూసుకుని, టార్చి నేను పడతానన్నాను. ఆవిడ కుర్చీ కాళ్లు దిద్దుతుంటే వెలుగు చూపించాను, నా బొమ్మకి నేనే దొంగనై.

పొద్దున ప్రదర్శన మొదలైంది. జనం ఆ కుర్చీ ముందే ఆగుతున్నారు. పెద్దావిడ కళ్లజోడుతో వచ్చింది. బొమ్మ కింద చీటీ మీదికి వంగి, నా పేరు చదివింది. మళ్లీ చదివింది...

రాత్రి భయం దీని ముందు దూదిపింజ. అంతమందిలో ఏమంటుందో? చేతులు పెట్టుకోవడానికి చోటు తెలియక జేబులు వెతుక్కున్నాను.

టక్... టక్... నా పక్కకి వచ్చి ఆగింది. చెవి దగ్గర గుసగుసగా అంది.

"నాదేననుకున్నాను బాబూ. అంత బాగా వేశావు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఇంకా దగ్గరికి వంగింది.

"మిగతావి మాత్రం నీవేనని కళ్లజోడు లేకుండానే తెలిసింది. రాత్రికి రా... టార్చి పట్టుకుందువుగాని."