ఎడమ భుజంలో దూది

“ఈ కోటు కాస్త వదులు చెయ్యాలమ్మా! మా అబ్బాయి పెళ్లికి మా ఆయన ఇదే వేసుకుంటారట. మెడ దగ్గర మీ షాపు పేరు కనిపించింది. కుట్టినవాళ్లే విప్పితే నయమని వెతుక్కుంటూ వచ్చాను.”

టైలరమ్మ కోటు అందుకుంది. ఎడమ భుజం తడిమి చూసింది. లోపల దూది ఒక మడత ఎక్కువ... తన భర్త ఎడమ భుజం కాస్త వంగి ఉంటుందని, తమ పెళ్లిలో అది నలుగురికీ కనబడకూడదని తానే పెట్టింది. మురిసిపోతూ షాపు పేరున్న గుడ్డముక్కా తానే కుట్టింది. ఎక్కడో పోయిందని ఆయన చెప్పిన కోటు ఇది! మరి ఈవిడెవరు? నెలలో సగం రోజులు లారీ మీదే ఉంటానన్న మనిషి ఎక్కడ ఉన్నట్టు?

ఆవిడ గోడమీది టైలరమ్మ పెళ్లిఫోటో చూసింది. “ఈయన మా ఆయనే!” అంటూ కూలబడింది.

రెండో పెళ్లి చేసుకున్నాడని ఆ మొదటి భార్యే ఆయన మీద కేసు పెట్టింది. టైలరమ్మ ఏడుస్తూ లాయరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“మొదటి పెళ్లి రద్దు కాలేదు గనుక మీ పెళ్లి చెల్లదమ్మా. కానీ పెళ్లి జరిగిందని రుజువైతే అతనికి జైలు. తెలియక చేసుకున్నారు, మీమీద నేరం లేదు.”

జరిగిన పెళ్లి చెల్లకపోవడమేమిటి? చెల్లని పెళ్లికి జైలేమిటి? ఇంతకీ తాను భార్యా, కాదా? టైలరమ్మకు తల తిరిగిపోయింది.

ఇంటికొస్తే ఆయన కాళ్లావేళ్లా పడ్డాడు. “మనకసలు పెళ్లే జరగలేదని చెప్పవే! సరదాకి ఫోటో దిగామని చెప్పు. నన్ను బతికించు!”

“మరి నేనెవర్నండీ?... మన పాపకేం చెప్పను?”

“కోర్టులో అనే మాటేగా!”

ఇంత విన్నాక ప్రేమ చచ్చిపోతే బాగుండేది. చావలేదే!

కోర్టులో సాక్షి బోనులో నిలబడి ఆమె ఆయన్నే చూసింది. ఎడమ భుజం మరీ కుంగిపోయింది... సర్దాలని చెయ్యి దానంతటదే లేచింది. అంతలో పాప గుర్తొచ్చింది.

“పెళ్లి జరిగిందయ్యా! ఆ కోటు పెళ్లికి నేనే కుట్టాను. భుజంలో దూది చూడండి, ఆ వంపు ఇంకెవరికీ ఉండదు!” అంటూ భోరుమంది.

ఆయనకు జైలుశిక్ష పడింది. బయట బెంచీ మీద ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఒళ్లో కోటు.

“దీన్నేం చెయ్యమంటావే చెల్లీ?”

“ఇక వదులు చెయ్యక్కర్లేదక్కా... అక్కడ చిక్కిపోతారుగా...”

అక్క ఆమెను దగ్గరికి లాక్కుంది. ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో ఇద్దరికీ తెలియలేదు.