జనరేటర్ బాగానే ఉంది

ఆదివారం మధ్యాహ్నం. అంట్లు తోమేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. ఎదురింటాయన కారు కడుక్కుంటూ ఎవరితోనో ఫోన్లో పోట్లాడుతున్నాడు. దెయ్యాలకు బొత్తిగా పనికిరాని వేళ. కానీ ఆటలో మాత్రం అప్పుడే చీకటి పడుతోంది.

చదరపు దిమ్మలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే ఆట అది. ఎవరెవరో తయారుచేసి పెట్టిన అదనపు హంగులు తెచ్చి తగిలించుకుంటే అందులో కరెంటు కూడా వస్తుంది. వాటినే మాడ్లు అంటారు. మా ఊళ్లో బొగ్గుతో నడిచే జనరేటర్ ఉంది. దాని నుంచి తీగలు లాగి దీపాలు పెట్టుకున్నాం. సోకు కోసం కాదు. ఆ లోకంలో చీకటి ఉన్నచోట నల్లటి ఆకారాలు పుట్టుకొస్తాయి. వచ్చి మీద పడి చంపేస్తాయి.

'మా ఊరు' అంటే నాదీ, మా అత్తయ్యదీ. మోకాళ్లు అరిగి మంచాన పడ్డాక, పక్క గదిలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆవిడ నాతో ఆడటం మొదలుపెట్టారు. జన్మంతా కుట్టుమిషను తొక్కిన మనిషి. ఆటలో గోడ కట్టినా కుట్టు వేసినంత తిన్నగా కట్టేవారు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే అయినా, ఇద్దరం హెడ్‌ఫోన్లు తగిలించుకుని దూరదేశాల వాళ్లలా మాట్లాడుకునేవాళ్లం. ఆవిడ మాటల వెనక ఆ గదిలో ఫ్యాను కిర్రు కిర్రుమంటూ వినిపించేది.

ఆటలో రాత్రి గడవాలంటే అందులో ఉన్నవాళ్లందరూ పడుకోవాలి. నేను ముందు పడుకునేదాన్ని. తెర మీద "నిద్రపోయినవారు: ఇద్దరిలో ఒకరు" అని పడేది.

"ఆగమ్మాయ్, దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూసుకుని పడుకుంటా," అనేవారు అత్తయ్య.

ఆవిడ పోయి నెల దాటింది. పొద్దున డ్యూటీకి వెళ్తూ మా ఆయన గుమ్మంలో ఆగి, "సాయంత్రం అమ్మ కట్టిన ఇల్లు ఒకసారి చూపిస్తావా?" అన్నారు. సరేనన్నాను. కానీ ఆ ఇల్లు చీకటిగా ఉంది. చీకటి చేసింది నేనే.

ఆటలో నాకు ఉక్కు కొలిమి కావాల్సి వచ్చింది. జనరేటర్ చాల్లేదు. ఇంకొకటి కట్టడానికి బద్ధకించి, అత్తయ్య ఇంటికి వెళ్లే తీగ పీకి కొలిమికి తగిలించాను. రెండు రోజులే కదా అనుకున్నాను. "దీపాలు పోయాయమ్మాయ్," అని ఆవిడ అడిగితే, "జనరేటర్ పాడైంది అత్తయ్యా. ఎక్కడో ఏదో కరెంటు లాగేస్తోంది, దొరకడం లేదు," అని కథ అల్లాను. ఆ రాత్రే ఆ ఆకారాలు ఆవిడ మీద పడ్డాయి. మర్నాడూ పడ్డాయి. ఆవిడ లాప్‌టాప్ మూసేసి గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. మందులివ్వడానికి వెళ్లినప్పుడల్లా, "బాగయిందా?" అని మాత్రం అడిగేవారు. ఆఖరిసారి కూడా అదే అడిగారు. ఇంకా లేదన్నాను.

ఇప్పుడు కొలిమి తీగ పీకి ఆ ఇంటికి కలిపేద్దామని జనరేటర్ గదిలోకి వెళ్లాను. ఎంత కరెంటు ఖర్చవుతోందో చూపే మీటర్ చూసి ఆగిపోయాను.

ముల్లు ఎర్ర గీత మీద వణుకుతోంది. కొలిమి ఆపేశాను. ముల్లు కదల్లేదు. నా ఇంటి తీగ పీకాను. వీధి దీపాలవి పీకాను. ఊరంతా చీకటైంది. ముల్లు అక్కడే ఉంది. మాడ్ చెడిందేమోనని ఆట మూసి మళ్లీ తెరిచాను. జనరేటర్ విరగ్గొట్టి కొత్తది పెట్టాను. ఒక్క తీగ కూడా తగిలించలేదు. బొగ్గు వేయగానే ముల్లు లేచి ఎర్ర గీత మీద నిలబడింది.

ఎక్కడో ఏదో కరెంటు లాగేస్తోంది. దొరకడం లేదు.

నేనల్లిన అబద్ధం అక్షరం పొల్లుపోకుండా నా కళ్లముందు నడుస్తోంది...

రాత్రి గడిస్తే తెల్లారి చూసుకోవచ్చని నా పాత్రను మంచం ఎక్కించాను. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"నిద్రపోయినవారు: ఇద్దరిలో ఒకరు."

ఆటలో ఉన్నది నేనొక్కదాన్నే. పేర్ల పట్టీ తెరిచి చూశాను. నా పేరే ఉంది.

అప్పుడు వినిపించింది. హెడ్‌ఫోన్లలో. కిర్రు... కిర్రు...

చటుక్కున హెడ్‌ఫోన్లు పీకేశాను. చప్పుడు లేదు. లేచి పక్క గది తలుపు తోశాను. మోకాళ్లకు రాసే మందు వాసన గుప్పుమంది. మంచం ఖాళీ. లాప్‌టాప్ అలమరలో దుమ్ము పట్టి ఉంది. పైన ఫ్యాను లేదు. కిందటి వారమే విప్పి రిపేరుకిచ్చాం. ఉత్త కొక్కెం ఉంది.

తిరిగొచ్చి కూర్చున్నాను. అత్తయ్య ఇంటి దాకా తీగ లాగాను. ఒక్కొక్క దీపమే వెలిగింది. ఆవిడ పేర్చిన గోడలు, కిటికీకి పెట్టుకున్న ఎర్ర పరదా... అన్నీ కనిపించాయి. మళ్లీ పడుకున్నాను.

"ఇద్దరిలో ఒకరు."

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో అడిగి, జవాబు కోసం ఆగినట్టుంది.

"జనరేటర్ బాగానే ఉంది అత్తయ్యా," అన్నాను. మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను. మళ్లీ అన్నాను. "ఎప్పుడూ బాగానే ఉంది. తీగ నేనే పీకాను. నా కొలిమి కోసం. మీతో అబద్ధం చెప్పాను... తప్పయిపోయింది."

ఫ్యాను చప్పుడు ఆగింది.

"ఇద్దరిలో ఇద్దరు."

ఆటలో తెల్లారింది. ముల్లు బుద్ధిగా కిందికి దిగి కూర్చుంది. నేను బల్ల మీద తల వాల్చి ఏడ్చాను.

సాయంత్రం మా ఆయన వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నారు. ఇల్లంతా తిప్పి చూపించాను. ఎర్ర పరదా దగ్గర ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"ఇంత ఇష్టంగా కట్టుకుంది కదా. చివర్లో ఆడటం ఎందుకు మానేసింది?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆయన ముఖం చూశాను. వాళ్లమ్మను తన భార్య బాగా చూసుకుందని పదిమందికీ చెప్పుకునే మనిషి.

"జనరేటర్ పాడైందండీ," అన్నాను. "లోపం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు."

పాపం అన్నట్టు ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి నాకు బరువుగా అనిపించింది.

ఆటలో మళ్లీ చీకటి పడుతోంది. "రాత్రయితే ఏం చేస్తారు?" అని అడిగారు. మాట మారినందుకు బతికాననుకుని, పడుకుంటే గడిచిపోతుందని చెప్పి, అత్తయ్య ఇంట్లో మంచం మీదే నా పాత్రను పడుకోబెట్టాను.

ఆయన ముందుకు వంగి తెర మీద అక్షరాలు చదివారు.

"ఇద్దరిలో ఒకరా? ఇంకొకరెవరు?"

తెర మీద అత్తయ్య ఇంటి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. బల్ల మీద పెట్టిన హెడ్‌ఫోన్లలోంచి సన్నగా చప్పుడు మొదలైంది. ఆయన కాసేపు విన్నారు. తర్వాత తల తిప్పి, ఫ్యాను లేని ఆ గది వైపు చూశారు.